కోటిపల్లితోనే ఆగిపోవాలా?

యానాం: యానాంలో రైలుస్టేషను లేదు. గౌతమి గట్టు వెంట ఎగువకు వెళితే కోటిపల్లిలో వున్నది. దాని కథే విచిత్రం. కాకినాడ నుండి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను 1928లో పడింది. ప్రపంచ యుద్ధం రాగా 1940లో పట్టాలు పెరికి యుద్ధావసరాలకు తరలించారు. తెల్లదొరలు పోయారు, 1954లో యానాం నుండి ఫ్రెంచివారూ పోయారు. పట్టాలు తిరిగి పడేసరికి 2004 అయింది. అందుకు పట్టుబట్టిన లోక్‌సభ స్పీకరు బాలయోగి 2002లోనే కన్నుమూశారు.

ఇంతా చేసి ఆ పట్టాలపై నడిచింది ఒంటి పెట్టె రైలుబస్సు! గేటు వచ్చినచోట ఆగి, సిబ్బందే దిగి గేటు వేసి, దాటాక తీసి మళ్ళీ ఎక్కేవారు. 2020లో కోవిడ్‌తో అదీ ఆగింది. జనం ఎక్కలేదనడం న్యాయం కాదు. కాకినాడకు తిన్నగా బస్సుండగా యానాం మనిషి కోటిపల్లి వెళ్ళి రైలెందుకు ఎక్కుతాడు? ఏరు దాటి అమలాపురం, నర్సాపురం చేర్చినప్పుడే ఆ స్టేషనుకు గిరాకీ. గౌతమి, వైనతేయ, వశిష్ఠలపై వంతెనలతో నర్సాపురం లైను 2000-01లోనే మంజూరైంది. మూడు వంతెనలూ పూర్తయ్యేదాకా ఆగనక్కరలేదు. ముందు గౌతమి దాటించి అమలాపురం వరకైనా రైలు నడపాలి.