నక్షత్రముల మసి, హైదరాబాదు బెలూను

ఊకపొయ్యిపై నుంచిన గిన్నెకు మసి పట్టుట అత్తిలివంటి వరిసీమలో పెద్దలందఱు ఎఱిగినదే. ఆ మసికి దగ్గఱి చుట్టము ఆకాశమందును గలదు. ముసలి నక్షత్రములు వెలిగ్రక్కిన కర్బన ధూళియు, తేనెపట్టు గదులవలె షట్కోణములుగా అల్లుకొన్న కర్బనపు అణువులును నక్షత్రముల నడిమి మేఘములలో వ్యాపించియున్నవి.

ఆ మేఘముల గర్భమున చలి మైనస్ 263 డిగ్రీల చేరువ నుండును. క్రొత్త నక్షత్రములు పుట్టునది అందుండియే. వాయువు చల్లబడి క్రుంగినచో పుట్టుక సాగును. వేడెక్కి విస్తరించినచో ఆగును. మేఘపుటంచులలో జరుగు ఈ జమాఖర్చున రెండు వైపులను కర్బనమే నిలిచియున్నది. పడుచు నక్షత్రముల అతినీలలోహిత కాంతి సోకినంతనే కర్బన ధూళి ఎలక్ట్రానులను విడిచి చుట్టునున్న వాయువును వేడెక్కించును. షట్కోణపు అణువులు 3.3 మొదలు 11.3 మైక్రానుల వఱకు గల పరారుణ కాంతిని వెదజల్లును. వాయువు పొందిన వేడిని మరల వెలికి పంపునది విద్యుదావిష్టమైన కర్బన పరమాణువు. అది వెలువరించు కాంతి 158 మైక్రానులది.

ఈ రెండవ కాంతి నేలకు చేరదు. గాలిలోని నీటియావిరి దానిని మ్రింగివేయును. కొల్లేటి తేమగాలి మాట యటుండగా, కొండకొమ్ముననున్న దూరదర్శినికి సైతము అది అందదు. కావుననే టాటా మౌలిక పరిశోధన సంస్థవారు ఒక మీటరు అద్దముగల దూరదర్శినిని హైదరాబాదునందలి తమ కేంద్రమునుండి బెలూనుపై ఆవిరి పొరలకు మీదుగా, సుమారు ముప్పది కిలోమీటర్ల యెత్తునకు పంపిరి. 1999లో జపాను శాస్త్రజ్ఞుల వర్ణపటమాపకమును దానికి జోడించి, మృగశిర, ఆర్ద్ర తారలుగల ఒరయన్ రాశిలోని మేఘమున ఆ కాంతి వ్యాప్తిని కొలిచిరి.

నాటి పనికి నేడు విలువ పెరిగినదేగాని తరుగలేదు. 2021 డిసెంబరున ఎగసిన జేమ్స్ వెబ్ దూరదర్శిని షట్కోణపు అణువుల వెలుగును మిక్కిలి స్పష్టముగా చూపుచున్నది. కాని దాని చూపు 28 మైక్రానుల చెంతనే ఆగిపోవును. ఐరోపావారి హర్షెల్ 2013లో పని ముగించినది. విమానమున నమర్చిన సోఫియా 2022 సెప్టెంబరున విరమించినది. అనగా వేడి చేరు పద్దు తేటపడుచుండగా, వేడి తరుగు పద్దును చదువు సాధనములు కొఱవడినవి. అందుకే అమెరికావారు 2023 చివర అంటార్కిటికానుండి గస్టో అను బెలూనును పంపి మరల ఈ కాంతినే వెదకిరి.

బెలూను పేదవాని ఉపగ్రహము మాత్రమే యనుట సరికాదు. దింపిన యంత్రమును సవరించి మరల పంపవచ్చును. పనిలోనే పనివారు తయారగుదురు. ఆ నేర్పు తెలుగునేలపై కలదు. అత్తిలికి చేరువనే తాడేపల్లిగూడెమున 2015లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ వెలసినది. అట్టి చోట్ల చదువు యువకులకు వెబ్ చిత్రములతోపాటు హైదరాబాదు బెలూను కథయు తెలియవలెను. నేర్చినవారు విరమించులోపుగా నేర్చుకొనువారు రానిచో, ఎంత సొమ్ము వెచ్చించినను ఆ విద్య తిరిగి రాదు.