కట్టలేనోడిదే తప్పా? అంటగట్టినోడి సంగతేంటి?



పోయిన వారం మన గ్రూపులో రెండు మాటలు నడిచాయి. ఒకటి, "కట్టే స్తోమత లేనోడు అప్పు తీసుకోవడం ఎందుకు, తర్వాత ఏడవడం ఎందుకు" అని. రెండోది, "1/70 ఉండబట్టే మన భూములకు బ్యాంకులో విలువ లేదు, మనకూ అందరిలా తాకట్టు పెట్టుకునే హక్కు కావాలి" అని. రెండూ రాసింది మనవాళ్ళే. వాళ్ళ మీద మాకు కోపం లేదు. 2008 అమెరికా సంక్షోభం పాఠం క్లాసులో విన్నప్పుడు మేమూ అలాగే అనుకున్నాం. "పేదోళ్ళు తాహతుకు మించి ఇళ్ళు కొన్నారు, కట్టలేకపోయారు, బ్యాంకులు మునిగాయి." పరీక్షకు ఆ ముక్క చాలు. కానీ హాస్టల్‌లో నలుగురం కూర్చుని ఇంకొంచెం చదివితే, అది సగం నిజం కూడా కాదని తెలిసింది. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు అక్కడ జరిగిందేంటో చూద్దాం. మన ఊళ్ళకు వచ్చే షావుకారు ఎంత మోసగాడైనా, అప్పు ఇచ్చే ముందు మన ఇంటి వైపు ఒకసారి చూసేవాడు. చింతపండు ఎంత దిగుతుంది, పశువులెన్ని అని లెక్కేసేవాడు. ఎందుకంటే పోతే అతని డబ్బే పోతుంది. అమెరికాలో ఇళ్ళ మీద అప్పులిచ్చిన కంపెనీలకు ఆ చూపు కూడా అవసరం లేకపోయింది. అప్పు ఇవ్వడం, ఆ పత్రాన్ని వాల్‌స్ట్రీట్‌కు అమ్మేయడం, కమీషన్ తీసుకోవడం. అక్కడ వేల పత్రాలను ఒక మూటగా కట్టి ప్రపంచమంతా అమ్మారు. ఆ మూట మంచిదని 'ట్రిపుల్ ఏ' ముద్ర వేసిన రేటింగ్ కంపెనీలకు ఫీజు ఇచ్చింది ఎవరు? ఆ మూట అమ్మేవాళ్ళే. సంతలో తూకం వేసేవాడికి వ్యాపారే కూలి ఇస్తే కాటా ఎటు మొగ్గుతుందో మనకు ఒకరు చెప్పాలా?

తీసుకున్నవాళ్ళకు ఏం చెప్పారు? మొదటి రెండేళ్ళు వడ్డీ తక్కువ అన్నారు. మూడో ఏడు నుంచి కిస్తీ పెరుగుతుందన్న సంగతి చిన్న అక్షరాల్లో ఉంది. "ఇంటి ధర పెరుగుతుంది కదా, అప్పుడు ఇంకో లోన్‌తో దీన్ని తీర్చేయొచ్చు" అన్నారు. ధరలు పెరగడం ఆగింది, ఆట ఆగింది.

అంటగట్టింది కూడా అందరికీ ఒకేలా కాదు. మంచి లోన్‌కు అర్హత ఉన్న నల్లజాతి, లాటినో కుటుంబాలకు కూడా కావాలనే ఖరీదైన లోన్లు ఇచ్చారని అక్కడి న్యాయశాఖే కేసులు పెట్టింది. కంట్రీవైడ్ కంపెనీ కేసు 2011లో 33.5 కోట్ల డాలర్లకు, వెల్స్ ఫార్గో బ్యాంకు కేసు 2012లో 17.5 కోట్ల డాలర్లకు రాజీ అయ్యాయి. అంటే "తాహతుకు మించి" అన్న మాట చాలామంది విషయంలో నిలబడదు. తాహతు ఉన్నా, చర్మం రంగు చూసి ఎక్కువ వడ్డీ వేశారు.

ఇంకో వాదన ఉంది. "పేదలకు లోన్లు ఇవ్వాలని ప్రభుత్వం 1977లో చట్టం చేసింది, అదే ముంచింది" అంటారు. సంక్షోభం మీద వేసిన విచారణ కమిషన్ 2011 జనవరిలో రిపోర్టు ఇచ్చింది. ఖరీదైన లోన్లలో ఆ చట్టంతో ఏ సంబంధమైనా ఉన్నవి 6 శాతమే అని తేల్చింది. ఈ సంక్షోభం ఆపగలిగినదే అని కూడా రాసింది. ఆపాల్సిందెవరు? వాళ్ళ రిజర్వు బ్యాంకు లాంటి ఫెడరల్ రిజర్వ్. అన్యాయమైన లోన్లను అడ్డుకునే అధికారం దానికి 1994 చట్టంతోనే వచ్చింది. గట్టి నిబంధనలు రాసింది మాత్రం 2008 జులైలో, అంటే ఇల్లు కాలాక బావి తవ్వింది.

ఇక బెయిలవుట్. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా తీసింది. మర్నాడే ఏఐజీ అనే బీమా కంపెనీకి 8,500 కోట్ల డాలర్ల అప్పు దొరికింది. అక్టోబరు 3 నాటికి 70,000 కోట్ల డాలర్ల చట్టం పాసైంది. ఆ నెలలోనే తొమ్మిది పెద్ద బ్యాంకులకు 12,500 కోట్ల డాలర్లు కేటాయించారు. మన దగ్గర ఒక కులం సర్టిఫికెట్‌కు ఎన్నిసార్లు తిరుగుతామో గుర్తుచేసుకోండి.

"బ్యాంకులు మునిగితే అందరి జీతాలూ మునిగేవి, పైగా ఆ డబ్బు తిరిగి కట్టేశాయి కదా" అంటారు. నిజమే, ఒప్పుకుంటాం. బ్యాంకులకు ఇచ్చిన డబ్బు లాభంతో సహా వెనక్కి వచ్చింది. మేము అడిగేది అది కాదు. ఎలా కట్టగలిగాయి? గడువు ఇచ్చారు కాబట్టి. మొదటి ఐదేళ్ళు 5 శాతమే అన్నారు కాబట్టి. అదే గడువు, అదే 5 శాతం ఇల్లు పోతున్న కుటుంబానికి ఇచ్చి ఉంటే వాళ్ళలో ఎంతమంది కట్టేవాళ్ళో ఎవరూ చూడలేదు.

చూద్దామన్న ప్రయత్నాన్ని ఓడించారు కూడా. అమెరికాలో దివాలా కోర్టు జడ్జి, డబ్బున్నవాడి రెండో ఇంటి మీది అప్పును తగ్గించొచ్చు. కాపురం ఉంటున్న సొంత ఇంటి మీది అప్పును మాత్రం తగ్గించకూడదు. దీన్ని మారుద్దామని 2009 ఏప్రిల్‌లో సెనేట్‌లో పెట్టిన సవరణ 45-51 ఓట్లతో పోయింది. 30 నుంచి 40 లక్షల కుటుంబాల ఇళ్ళు కాపాడతామని ఆ ఏడే ప్రకటించిన పథకం ఆ లక్ష్యం చేరలేదు. ఏఐజీ వాళ్ళకు మాత్రం 2009 మార్చిలో 16.5 కోట్ల డాలర్ల బోనస్ చేరింది.

మాకు అన్నిటికన్నా మంట పుట్టించింది సంతకాల సంగతి. ఇళ్ళు జప్తు చేసే కాగితాల మీద బ్యాంకుల తరఫు ఉద్యోగులు చదవకుండానే రోజుకు వందల సంతకాలు పెట్టారని 2010లో బయటపడింది. 2012లో ఐదు బ్యాంకులతో 2,500 కోట్ల డాలర్ల రాజీ కుదిరింది. ఇల్లు పోయినవాళ్ళకు చేతికొచ్చింది దాదాపు 1,480 డాలర్ల చెక్కు. ఆ పెద్ద బ్యాంకులు నడిపిన ఒక్క సీఈఓ కూడా దీని మీద జైలుకు పోలేదు. మన తాతలు చదవలేక వేలిముద్ర వేస్తే భూమి పోయింది. వీళ్ళు చదవగలిగీ చదవకుండా సంతకం పెడితే వేరేవాళ్ళ ఇల్లు పోయింది. రెండుసార్లూ పోయింది పేదోడిదే.

అప్పు తీసుకున్నవాళ్ళలో అబద్ధాలు చెప్పినవాళ్ళు లేరా? ఉన్నారు. ధర పెరిగితే అమ్ముకుందామని రెండు మూడు ఇళ్ళు కొన్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ వంతు తప్పు వాళ్ళదే. కానీ కాగితం రాసింది ఎవరు, వడ్డీ పెట్టింది ఎవరు, మునుగుతుందని లెక్క తెలిసింది ఎవరికి? ఎవరి చేతిలో కలం ఉందో వాళ్ళదే మొదటి పూచీ. తర్వాత ముద్ర వేసినవాడిది, ఆపగలిగీ ఆపనివాడిది. అప్పు తీసుకున్నవాడు ఆ వరసలో ఆఖరున ఉంటాడు. శిక్షలో మాత్రం మొదట నిలబెట్టారు.

ఇది మన కథ ఎందుకంటే, జప్తు మనకు కొత్త కాదు. 1879 రంప తిరుగుబాటు కారణాల్లో ఇదొకటి. మైదానం వ్యాపారులు కోర్టుల్లో ఏకపక్ష డిక్రీలు తెచ్చి కొండవాళ్ళ సొత్తు జప్తు చేయించేవాళ్ళు. కేసు ఉందని మనిషికి తెలిసేలోపే తీర్పు. తర్వాత 1917లో ఏజెన్సీ చట్టం వచ్చింది. వడ్డీ ఏడాదికి 24 శాతం దాటకూడదు, అనుమతి లేకుండా కొండవాళ్ళ భూమి బయటివాళ్ళకు పోకూడదు అంది. 1/70 ఆ దారిలో వచ్చిందే.

అమెరికా ఆదివాసులనూ చూడండి. 1887లో ఉమ్మడి భూమిని ముక్కలుగా పంచి "ఇక మీరూ అందరిలాంటి సొంతదారులు" అన్నారు. మిగులు అని చెప్పి కొంత తీసుకున్నారు, పన్ను బాకీలకు, అప్పులకు, అమ్మకాలకు ఇంకొంత పోయింది. 1887లో 13.8 కోట్ల ఎకరాలు. 1934 నాటికి 4.8 కోట్లు. "అందరిలాంటి హక్కు" అన్న మాట వింటే మాకు ఈ లెక్కే గుర్తొస్తుంది.

పైగా బ్యాంకుకు, సహకార సంఘానికి భూమి స్వాధీనం చేయకుండా తనఖా పెట్టే వీలు 1/70లోనే ఉంది. బాకీ పడి వేలం వేస్తే గిరిజనుడికే అమ్మాలి, అంతే. కాబట్టి లోన్ రాకపోతే చట్టాన్ని కాదు, ఇవ్వని మేనేజర్‌ని అడగాలి. ఆ కంచె తీసేయమని అడిగేవాళ్ళు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పాలి: పంట పోతే, ధర పడితే, ఎవరు మోస్తారు?

మన దేశంలోనూ ఇదే తీరు. 2008 బడ్జెట్‌లో రైతులకు 60,000 కోట్ల మాఫీ ప్రకటిస్తే "అలవాటు చెడిపోతుంది" అన్నారు. 2017లో ప్రభుత్వ బ్యాంకులను నిలబెట్టడానికి 2.11 లక్షల కోట్లు ప్రకటించినప్పుడు ఆ మాట అంత గట్టిగా వినబడలేదు.

అందుకే మా మనవి. "కట్టలేనోడు ఎందుకు తీసుకోవాలి" అని రాసే ముందు, ఇచ్చినవాడి పేరు కూడా అడగండి. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మ గ్రూపు లోన్ కాగితం బయటికి తీయండి. అసలెంత, వడ్డీ ఎంత, ఏ నెల నుంచి పెరుగుతుంది, కట్టలేని నెలలో గడువు ఉందా లేదా, గట్టిగా చదివి వినిపించండి. మన ఇళ్ళల్లో ఆ కాగితం చదవగలిగిన మొదటి తరం మనమే. మన చదువు ముందు దానికి పనికిరావాలి.

తప్పులుంటే చెప్పండి, వాదించండి. తిట్టుకోవద్దు.

జై ఆదివాసీ.