గంగ ఏమైనట్టు?

2005 వేసవిలో ‘చంద్రముఖి’ చూపించడానికి మా చిన్నమ్మను వెంటబెట్టుకుని ఘనపూర్ స్టేషన్‌లో పాసింజరెక్కాను. కాజీపేటలో దిగి హన్మకొండ పోయాం. అప్పట్లో ఘనపూర్ వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఏ సినిమాకైనా హన్మకొండే దిక్కు. ఈ సినిమా ఆమె చూడాలని పట్టుబట్టింది నేనే. మా చిన్నమ్మకు ‘గాలి సోకేది’. జ్యోతిక కళ్లు తిప్పినప్పుడల్లా హాలంతా కేకలు. చిన్నమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చుంది. బయటికొచ్చాక ఒక్కటే మాట అంది: “అంత గట్టిగ అడగనిచ్చిండ్రు ఆమెను.”

ఆ మాట నన్ను చాలా ఏళ్లు వదల్లేదు. పద్దెనిమిదేళ్ల తర్వాత, 2023 సెప్టెంబరు 28న ‘చంద్రముఖి 2’ వచ్చింది. అది చూశాకే ఈ వ్యాసం రాయాలనిపించింది. అది చెడ్డ సినిమా అని చెప్పడానికైతే ఇంత కాగితం అక్కర్లేదు. చెడ్డ సినిమాలు వస్తాయి, పోతాయి. నా గొడవ వేరు. ఆనాడు గంగ అడిగినదాన్ని సీక్వెల్ అనే పద్ధతి ఎట్లా మింగేసిందన్నదే నా గొడవ.

మూలానికి వెళ్దాం. 1993లో ఫాజిల్ తీసిన మలయాళ సినిమా ‘మణిచిత్రతాళు’, మధు ముట్టం రాసిన కథ. అందులో దయ్యం లేదు. గంగ ఉంది. చిన్నతనంలో తల్లిదండ్రులు నాయనమ్మ దగ్గర వదిలేసిన పిల్ల, పెళ్లయ్యాక పని తప్ప మరొకటి పట్టని భర్త పక్కన పుస్తకాలు చదువుకునే ఒంటరి మనిషి. ఆ పాత భవంతిలో ఒకప్పుడు తంజావూరు నుంచి బలవంతంగా తీసుకురాబడి చంపబడిన నర్తకి నాగవల్లి కథ విని, ఆ కోపాన్ని తన ఒంటిమీదికి తెచ్చుకుంటుంది. ఆ కోపం చివరికి ఎవరి మీదికి పోయింది? భర్త మీదికి. నకులన్‌లోనే ఆమెకు ఆ పాత దొర కనిపిస్తాడు. కత్తి కింద పడుకోబెట్టాల్సింది అతన్నే. చివరి క్షణంలో బల్ల తిప్పి అతని స్థానంలో బొమ్మను పెడతారు. బొమ్మే కానీ, నేరం ఎవరి మీద మోపిందో చూసినవాళ్లకు తెలుసు.

శోభనకు ఆ పాత్రకు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. నాగవల్లిగా ఆమె నోట పలికిన గొంతు మాత్రం దుర్గ అనే డబ్బింగ్ కళాకారిణిది. ఆ సంగతి ఫాజిల్ బయటపెట్టింది 2016లో. మన సినిమాలో ఆడదాని కోపానికి పేరు దొరకడానికి ఇరవై ఏళ్లు దాటింది.

ఇప్పుడు 2005కు రండి. తమిళంలో పి.వాసు తీసిన ‘చంద్రముఖి’లో కత్తి భర్త మీద నుంచి జరిగింది. పతాక సన్నివేశంలో రాజు వేషం కట్టి ఆమె ముందు నిలబడింది ప్రభు కాదు, రజనీకాంత్. వైద్యం చేసేవాడూ ఆయనే, చెరబట్టిన రాజూ ఆయనే. పెద్ద హీరో ఉన్నప్పుడు మొగుడికి అంత మంచి సీను ఇస్తారా అని నవ్వేసి ఊరుకోవచ్చు. కానీ ఆ చిన్న మార్పుతో ఏం జరిగింది? భార్య భర్తను అడుగుతున్న ప్రశ్న చరిత్రలో ఎప్పుడో చచ్చిపోయిన రాజును అడిగే ప్రశ్న అయిపోయింది. మొగుడు ప్రేక్షకుల్లో కూర్చున్నాడు.

2010లో అదే దర్శకుడు తెలుగులో ‘నాగవల్లి’ తీశాడు. కన్నడంలో ‘ఆప్తమిత్ర’కు కొనసాగింపుగా తీసిన ‘ఆప్తరక్షక’కు అది రీమేక్. అందులో రాజు ఏకంగా ఇంకా బతికే ఉన్నాడు. డాక్టరూ రాజూ ఇద్దరూ వెంకటేశే. ‘చంద్రముఖి 2’కు వచ్చేసరికి దయ్యం నిజమైంది. చక్రాల కుర్చీలో ఉన్న ఇంటి పిల్ల ఒంట్లో దూరింది. వేట్టయ్యన్‌కు ఒక పెద్ద ఫ్లాష్‌బ్యాక్ దొరికింది. అసలు రాజు అతను కాదట, రాజును చంపి పేరు తీసుకున్న సేనాపతట. రాఘవ లారెన్స్ ఆ వేషంలోనూ హీరో వేషంలోనూ తానే. చివర్న దయ్యానికీ దయ్యానికీ కత్తియుద్ధం. ఆ పిల్ల శరీరం వాళ్లిద్దరికీ యుద్ధభూమి. ఆమె ఏం అనుకుంటోంది, ఆమెకు ఎవరి మీద కోపం, ఎందుకు? ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరం కథకే లేదు.

కొందరు స్త్రీవాద మిత్రులు నాతో వాదించారు. పాత సినిమాలో మగ డాక్టరు ఆడదాని మనసును ఆమె మొగుడికి వివరించి చెప్తాడు, కడిగి తుడిచి అప్పజెప్తాడు, ఆమెకేమో ఏదీ గుర్తుండదు. దానికంటే నిజంగా కత్తి పట్టిన దయ్యమే మేలు కదా అని. మొదటి సగం నేనూ ఒప్పుకుంటాను. ‘మణిచిత్రతాళు’ ముగింపు నాకెప్పుడూ మింగుడుపడలేదు. కానీ డాక్టరు వివరించాలన్నా ముందు ఆమె బాల్యం వినాలి, ఆమె గదిలోకి పోయి చూడాలి, కాపురం ఎట్లా ఉందో మొగుణ్ణి అడగాలి. దయ్యం నిజమైతే వినాల్సిన పనే లేదు. ఏ ఒంట్లో దూరితే ఏమిటి?

ఇంకొకటి గమనించారా? మలయాళంలో గంగకు పూనిన నర్తకి తమిళం మాట్లాడుతుంది. తమిళంలో విజయనగరం నుంచి వచ్చిన నర్తకి, అందుకే ‘రారా’ పాట తెలుగులో ఉంది. కన్నడంలోనూ అదే. మనకు డబ్ చేసేసరికి తెలుగు మన భాష అయిపోయింది కనుక పాట తమిళంలోకి మారింది. హిందీ ‘భూల్ భులయ్యా’లో మంజులిక బెంగాలీ. ఎక్కడికి పోయినా ఆ కోపం పొరుగు భాషలోనే. మన ఇంటి కోడలు మన భాషలో అట్లా మాట్లాడదు గదా! మాట్లాడిందంటే ఎవరో పరాయి ఊరి ఆటదాని ఆత్మ అయుండాలి. కళావంతుల స్త్రీని ఊళ్ల నుంచి తరిమేసిన సమాజం ఆమెను దయ్యంగా మాత్రం అన్ని భాషల్లో పోషించుకుంటోంది.

మా చిన్నమ్మకు వచ్చిన గాలి అచ్చంగా ఘనపూర్ తెలుగే మాట్లాడేది. మామూలు రోజుల్లో “అత్తమ్మా” అని తప్ప నోరెత్తని మనిషి, అమావాస్య పూట జుట్టు విరబోసుకుని అత్త ముందు నిలబడేది. “నా ఎకరం ఏదే? మా నాయిన పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరం అమ్మి నీ కొడుకు ఎవలకు పెట్టిండే?” అని అడిగేది. ఎకరం లెక్క, అమ్మిన ఏడాది, కొన్నవాడి పేరు అన్నీ తప్పు లేకుండా చెప్పేది. వాకిట్లో జనం నిలబడి వినేవాళ్లు. మంత్రగాణ్ణి పిలిపించింది అప్పుడే. వేపమండలు, మిరపకాయల పొగ. అతను పదేపదే అడిగింది ఒక్కటే: “ఎవలు నువ్వు? ఏ ఊరు నీది?” కొట్టగా కొట్టగా చిన్నమ్మ ఎప్పుడో బావిలో పడి చనిపోయిన ఒకామె పేరు చెప్పింది. అంతే, ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. ఎకరం సంగతి అడిగింది ఆ బావిలో ఆమె! మా చిన్నమ్మ కాదు. జవాబు చెప్పాల్సిన వాళ్లెవరూ మిగల్లేదు.

‘చంద్రముఖి 2’ చూస్తుంటే నాకు ఆ మంత్రగాడే కనిపించాడు. ఎవరు నువ్వు, ఏ ఊరు నీది, ఏ రాజు నిన్ను కాల్చాడు, ఆ రాజు కూడా అసలు రాజు కాదట. పేర్ల మీద పేర్లు తవ్వుకుంటూ పోతే ఇంట్లో మనుషులంతా నిర్దోషులు.

ఇది మన దగ్గరే కాదు. ‘చంద్రముఖి 2’ వచ్చిన ఎనిమిది రోజులకు అమెరికాలో ‘ది ఎక్సార్సిస్ట్: బిలీవర్’ విడుదలైంది. 1973 నాటి మొదటి సినిమాలో కూతురిని పట్టుకుని డాక్టర్ల చుట్టూ తిరిగిన ఒంటరి తల్లి క్రిస్. ఆ ఆస్పత్రి పరీక్షల సీన్లు నాకు దయ్యం కంటే ఎక్కువ భయమేసినవి. ఆ తల్లిగా నటించిన ఎలెన్ బర్స్టిన్‌ను యాభై ఏళ్ల తర్వాత, తొంభై ఏళ్ల వయసులో మళ్లీ తీసుకొచ్చారు. తెచ్చి, కాసేపటికే ఆమె కళ్లల్లో సిలువతో పొడిపించి మంచాన పడేశారు. యాభై ఏళ్లలో ఆ మనిషి తెలుసుకున్నదేమిటో వినడానికి ఆ సినిమాకు తీరిక లేదు.

గంగను కనీసం అట్లా కూడా తేలేదు. 1993లో కొత్తగా పెళ్లయిన గంగకు ఇప్పుడు యాభై దాటి ఉంటుంది. ఆ మొగుడితోనే ఉందా? నిద్రమాత్రలు వేసుకుంటోందా? కూతురికి పెళ్లి సంబంధాలు చూస్తూ ఎక్కడైనా తడబడిందా? కన్నడ గంగగా చేసిన సౌందర్యకైతే ఆ సినిమా చూసుకునే వీలు కూడా లేకపోయింది. 2004 ఏప్రిల్‌లో మన కరీంనగర్‌కు ఎన్నికల ప్రచారానికి బయల్దేరి విమాన ప్రమాదంలో పోయింది, ‘ఆప్తమిత్ర’ విడుదలైంది ఆగస్టులో. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ‘రారా’ పాట చూడబుద్ధి కాదు.

చిన్నమ్మకు ఇప్పుడు గాలి రాదు. అత్త పోయిన ఏడాది నుంచీ ఆగిపోయింది. ఎకరం తిరిగి రాలేదు. దాని మీద ఇప్పుడు ఎవరివో ఇళ్లు లేచాయి. పోయినసారి ఊరికి పోయినప్పుడు టీవీలో ‘చంద్రముఖి 2’ వస్తుంటే ఇద్దరం కూర్చుని చూశాం. సగం అయ్యాక అడిగింది: “మొదటిదాంట్ల పిల్ల ఏమైందే? ఆమెకు మళ్ల వచ్చిందా?”

చెప్పలేదు చిన్నమ్మా అన్నాను.

“మరి ఇదెందుకు తీసిండ్రు?” అని రిమోట్ అందుకుని సీరియల్ పెట్టుకుంది.