13కి 13 గెలిచినా చాల్లేదట!

కందకు లేని దురద కత్తిపీటకెందుకని మీరు అడగొచ్చు. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో నేను చదవలేదు, వాళ్ళ ఫుట్‌బాల్ జట్టుకి వీరాభిమానినీ కాను. కానీ 2023 సీజన్లో ఆ జట్టుకి జరిగింది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే అది ఒట్టి ఆట గొడవ కాదు, ఏడాదికోసారి అప్రైజల్ అనే తంతు అనుభవించే మనబోటివాళ్ళ గొడవ కూడాను.

తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా: అప్పట్లో అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్లో సీజన్ చివర నాలుగంటే నాలుగు జట్లే ప్లేఆఫ్స్‌కి వెళ్ళేవి. ఆ నాలుగూ ఏవో 13 మంది సభ్యుల కమిటీ తేల్చేది. పాయింట్ల పట్టిక చూసి కాదు, గదిలో కూర్చుని ఓట్లేసి!

మరి ఫ్లోరిడా స్టేట్ ఏం చేసింది? మొదటి ఆటలోనే ఎల్‌ఎస్‌యూని 45-24తో చిత్తు చేసింది. క్లెమ్సన్‌ని వాళ్ళ సొంతగడ్డ మీదే ఓవర్‌టైమ్‌లో ఓడించింది. నవంబర్ 18న క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి పెద్ద దెబ్బ తగిలి సీజన్‌కే దూరమయ్యాడు. (క్వార్టర్‌బ్యాక్ అంటే ఆర్కిటెక్టూ, టెక్ లీడూ ఒక్కడే అనుకోండి.) అయినా బ్యాకప్ కుర్రాడితో ఫ్లోరిడాని 24-15తో, ఆ తర్వాత మొదటి ఏడాది కుర్రాడితో లూయివిల్‌ని 16-6తో ఓడించి ఏసీసీ ఛాంపియన్ అయ్యింది. 13 ఆటలు, 13 గెలుపులు.

మర్నాడు, అంటే డిసెంబర్ 3న, కమిటీవారు మిషిగన్, వాషింగ్టన్, టెక్సస్, అలబామాలని ఎంచారు. చివరి రెండూ చెరో ఆట ఓడినవే! కారణం ఏంటయ్యా అంటే, ట్రావిస్ లేని జట్టు మునుపటి జట్టు కాదట.

ముఖ్యమైన ఆటగాడు లేకపోవడాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని వాళ్ళ నియమాల్లో ఉంది, ఒప్పుకుంటా. కానీ 2014లో ఒహాయో స్టేట్ మూడో క్వార్టర్‌బ్యాక్‌తో మిగిలితే ఇదే కమిటీ వ్యవస్థ లోపలికి రానిచ్చింది. వాళ్ళు అలబామాని, ఆరెగన్‌ని ఓడించి కప్పు పట్టుకుపోయారు. అంటే ఈ జోస్యాల విలువెంతో కమిటీకి తెలియంది కాదు.

అలబామా అప్పటి నంబర్ వన్ జార్జియాని ఓడించిందిగా అంటారు. గొప్ప గెలుపే. మరి సెప్టెంబర్లో సొంత మైదానంలో టెక్సస్ చేతిలో 34-24తో ఓడిన సంగతో? చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే.

ఇంకో వాదన: ఆరెంజ్ బౌల్లో జార్జియా వీళ్ళని 63-3తో ఉతికేసింది కదా, కమిటీ చెప్పిందే నిజమైంది కదా? అయ్యా, ఆ రోజు వీళ్ళ ముఖ్యమైన ఆటగాళ్ళలో చాలామంది అసలు ఆడనేలేదు. ప్రమోషన్ ఎగ్గొట్టాక, నోటీసు పీరియడ్లో ఉన్నవాడి కోడ్ చూపించి "చూశారా, అందుకే ఇవ్వలేదు" అన్నట్టుంది :) 2024లో 12కి రెండే గెలిచారుగా అనేవాళ్ళూ ఉన్నారు. వచ్చే ఏడాది పని చూసి ఈ ఏడాది హైక్ ఇస్తారా ఎక్కడైనా?

ట్రావిస్ అయితే, తన కాలు సీజన్ మొదట్లోనే విరిగుంటే బాగుండేదని, జట్టు సత్తా అప్పుడే అందరికీ తెలిసేదని రాసుకున్నాడు. ఒక కాలేజీ కుర్రాడి చేత ఆ మాట అనిపించిన పద్ధతి ఏం పద్ధతండీ?

2024 సీజన్ నుంచి 12 జట్లకి పెంచారు. సంతోషం. ర్యాంకులు మాత్రం కమిటీ చేతిలోనే ఉంచారు. సీట్లు పెంచినంత మాత్రాన జబ్బు తగ్గదు. "ఎవరు బాగా ఆడారు" అన్న ప్రశ్నకి జవాబు మైదానంలో ఉంటుంది. "ఎవరు బాగా ఆడగలరు" అన్నదానికి జవాబు గదిలో కూర్చున్నవాళ్ళ బుర్రల్లో ఉంటుంది, అక్కడికి ఊరూపేరూ పలుకుబడీ అన్నీ చేరతాయి. మన బెల్ కర్వ్ మీటింగుల్లో జరిగేదీ అదే. చేసిన పనికి మార్కులెయ్యండి. జాతకాలు చెప్పుకోవడానికి వేరే వాళ్ళున్నారు.