చీటీలో పేరు... విస్తట్లో వంటకం!

పెళ్లి వంటాయనకు చీటీ ఇస్తాం. అందులో 'బూరెలు' కొట్టేసి 'బొబ్బట్లు' అని రాస్తే చాలు, విస్తట్లోకి అవే వస్తాయి. వంటాయనను మార్చక్కర్లేదు. కంప్యూటర్ ప్రోగ్రాముల్లోనూ ఈ చీటీ పద్ధతి ఉందని తెలుసా?

ప్రోగ్రాములో 'క్లాస్' అంటే తయారీ విధానం. దాని ప్రకారం తయారయ్యేది 'ఆబ్జెక్ట్'. మామూలుగా ఏ క్లాస్ వాడాలో ప్రోగ్రామర్ ముందే రాసేస్తారు. అలా కాకుండా, జావా భాషలో 'క్లాస్.ఫర్‌నేమ్' అనే ఆదేశానికి పేరు అందిస్తే... ప్రోగ్రాము నడుస్తుండగానే ఆ క్లాస్‌ను వెతికి తెస్తుంది. దాంతో ఆబ్జెక్ట్ తయారుచేసుకోవచ్చు. డేటాబేస్ మారిందా? చాలాసార్లు సెట్టింగుల ఫైలులో డ్రైవర్ పేరు, చిరునామా మారిస్తే సరి. ప్రోగ్రామును తిరగరాసే పని తప్పుతుంది.

సౌకర్యం బాగానే ఉంది. మరి దారినపోయేవాడు చీటీ రాస్తే? 2021 డిసెంబరులో అలాంటిదే బయటపడింది. లాగ్‌ఫోర్‌జే అనేది జావా ప్రోగ్రాముల్లో ఎప్పుడేం జరిగిందో చిట్టా రాసే సాధనం. చిట్టాకెక్కే మాటల్లో ప్రత్యేక గుర్తులతో ఓ చిరునామా కనిపిస్తే, దాన్ని ఆదేశంగా తీసుకుని అక్కడికి వెళ్లేది. అక్కడున్న క్లాస్‌ను తెచ్చి నడిపేది! మైన్‌క్రాఫ్ట్ ఆటలో, చాట్‌లో ఒక్క వాక్యం పంపితే సర్వర్ పరాయి చేతుల్లోకి వెళ్లే పరిస్థితి. ఈ లోపం తీవ్రతకు పడిన మార్కులు 10కి 10.

అందుకే అనుభవమున్న ప్రోగ్రామర్లు అనుమతించిన పేర్ల జాబితా ముందే పెట్టుకుంటారు. అందులో లేని పేరొస్తే తయారీ లేదు. వంటాయన ఎంత నేర్పరైనా, చీటీ ఎవరిచ్చారో చూడకుండా పొయ్యి వెలిగించకూడదుగా!