గుమ్మడికాయ చెక్కేది ఎవరి చేయి?



అక్టోబరు 31 దగ్గర పడేసరికి ఎల్‌కేజీ, యూకేజీ వాట్సాప్ గ్రూపుల్లో రెండు ప్రశ్నలు మొదలవుతాయి. గుమ్మడికాయ తప్పకుండా పంపాలా? అసలు ఈ హాలోవీన్ మన పండగేనా? రెండూ అడగాల్సినవే. ముందు రెండోదానికి జవాబు చెబుతాను.

హాలోవీన్ ఐర్లండ్, స్కాట్లండ్ వైపు ఆచారం. అక్కడ మొదట చెక్కింది టర్నిప్ దుంపల్ని. 19వ శతాబ్దంలో అమెరికాకు వలస వెళ్లినవాళ్లకు అక్కడి గుమ్మడికాయ దొరికింది. పెద్దది, గుజ్జు తీయడం సులువు. భయపెట్టే ముఖం చెక్కి, లోపల దీపం పెట్టి గుమ్మం ముందు ఉంచితే చెడు దగ్గరికి రాదని వాళ్ల నమ్మకం. మనం కొత్త ఇంటి ముందు బూడిద గుమ్మడికాయ వేలాడదీసి, కళ్లూ మీసాలూ గీసేది ఎందుకు? దిష్టి తగలకుండా ఉండటానికే కదా! ఈ పోలిక చెబితే నాలుగేళ్ల పిల్లకైనా ఇట్టే అర్థమవుతుంది. కాబట్టి పండగ మనదా, వాళ్లదా అన్న విషయంలో నాకు పేచీ లేదు.

నా పేచీ వేరే. స్కూలుకు వచ్చే గుమ్మడికాయల్లో చాలావాటిని చెక్కేది అమ్మో, అన్నయ్యో, బాబాయో. పిల్లవాడి వంతు దాన్ని పట్టుకుని ఫొటో దిగడమే. ప్రైజు ఉన్నచోట ఇది మరీ ఎక్కువ. మంచి ముఖానికి బహుమతి ఇస్తామంటే పెద్దవాళ్లే కత్తి పట్టుకుంటారు, అందులో వింతేముంది? కానీ నాలుగైదేళ్ల వయసులో వేళ్లకు బలం రావాలి. గుజ్జు తోడటం, జారిపోయే గింజలు ఏరటం, స్కెచ్ పెన్‌తో గుండ్రటి కాయ మీద కళ్లు గీయటం, ఇవన్నీ పెన్సిల్ పట్టుకు పనికొచ్చేవే. నాలుగు గీతల నోట్‌బుక్‌లో అక్షరం కుదురుగా రావాలంటే ముందు చేయి కుదరాలి.

చేతి పని మన ప్రాంతానికి కొత్త కాదు. ఆత్మకూరు నుంచి వాయవ్యంగా వెళ్తే ఉదయగిరి. అక్కడ నర్ది, బిక్కి లాంటి అడవి కర్రతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చెక్కుతారు. ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. ఉదయగిరి చెక్క సామానుకు జి.ఐ. గుర్తింపు కూడా ఉంది. మన పిల్లలకు 'స్పూన్' స్పెల్లింగ్ వచ్చు. అది మన పక్క ఊళ్లోనే ఒక మనిషి చేతిలో తయారవుతుందని మాత్రం తెలియదు. ఈసారి గుజ్జు తోడటానికి ఆ చెక్క గరిటె ఒకటి వాళ్ల చేతికివ్వండి. అది ఎక్కడిదో, ఎవరు చేస్తారో చెప్పండి.

ఇంట్లో ఇలా చేసి చూడండి. రెండు కిలోల లోపు తీపి గుమ్మడికాయ చాలు. పైమూత పెద్దవాళ్లే కోయాలి. మగవాళ్లే మొదటి కోత పెట్టాలన్న ఆచారం మీ ఇంట్లో ఉంటే ఇంకా మంచిది, నాన్నకూ ఒక పని దొరుకుతుంది. మూతను ఏటవాలుగా కోస్తే లోపలికి జారిపోదు. తోడటం, గీయటం పిల్లలది. గీసిన గీత మీద కత్తి పెట్టేది మీరు. గీత వంకరగా ఉంటే వంకరగానే కోయండి, దయచేసి సరిచేయకండి. లోపల కొవ్వొత్తి వద్దు, చిన్న ఎల్‌ఈడీ లైటు చాలు. మన ఎండలకు కోసిన కాయ త్వరగా కుళ్లుతుంది, కనుక ముందురోజు సాయంత్రమే చెక్కండి. గింజలు కడిగి ఆరబెట్టి, పదేసి చొప్పున లెక్కపెట్టించండి. తర్వాత ఉప్పు వేసి వేయించండి. తీసిన కండతో పులుసు పెట్టండి. తిండి పారేయకూడదన్న పాఠం కూడా అయిపోతుంది.

ఇక మొదటి ప్రశ్న. గుమ్మడికాయ తప్పనిసరి కాకూడదనే నా అభిప్రాయం. వీలు కాకపోతే సొరకాయ తెచ్చినా, ఒక బంగాళాదుంప మీద ముఖం గీసుకొచ్చినా మాకు సంతోషమే. మీ పాప చేసిన వంకర ముఖం, పెద్దలు చేసిన చక్కటి ముఖం కంటే మాకు విలువైనది. టీచర్లుగా మేము కూడా బహుమతి పక్కన పెట్టి, ప్రతి పిల్లనూ "ఇది ఎలా చేశావు?" అని అడగాలి. చేసిన పిల్లలే జవాబు చెప్పగలరు, తెలుగులోనైనా ఇంగ్లిష్‌లోనైనా.

— ప్రీ-ప్రైమరీ ఇంగ్లిష్ టీచర్, ఆత్మకూరు బ్రాంచ్