స్టడీ అవర్స్ కాదు.. అప్పజెప్పడం ముఖ్యం

నందిగామ, జగ్గయ్యపేటల్లో పిల్లల్ని బడిలో చేర్పించేటప్పుడు మనలో చాలామంది అడిగే ప్రశ్న: ‘స్టడీ అవర్స్ ఎన్ని గంటలు?’ పత్తి, మిర్చి పండించో, దుకాణం నడిపో ఫీజు కట్టేవాళ్లు ఆమాత్రం అడగడంలో తప్పు లేదు. కానీ మెదడు ఎలా నేర్చుకుంటుందో తెలిస్తే ముందు అడగాల్సింది అది కాదని అర్థమవుతుంది.

2006లో అమెరికా పరిశోధకులు రోడిగర్, కార్పిక్ కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠాన్ని రెండుసార్లు చదివినవాళ్లకు ఐదు నిమిషాల తర్వాత ఎక్కువే గుర్తుంది. వారం గడిచేసరికి వాళ్లకు మిగిలింది 42 శాతమే. ఒకసారి చదివి, ఆ తర్వాత చూడకుండా గుర్తున్నది రాసినవాళ్లకు మాత్రం 56 శాతం గుర్తుంది. అంటే ఎదురుగా పుస్తకం పెట్టుకుని గంటలకొద్దీ చదివితే ‘వచ్చేసింది’ అనిపిస్తుందే గానీ, అది నిలవదు.

ఇది మనకు కొత్త కాదు. పుస్తకం మూయించి ఎక్కాలు, పద్యాలు అప్పజెప్పించుకున్న మన పెద్దలు చేసింది ఇదే. కాకపోతే అర్థం తెలియని బట్టీ కాకుండా, పిల్లలు సొంత మాటల్లో చెప్పాలి.

‘వారం వారం పరీక్షలు పెడుతున్నారుగా’ అంటారేమో! అవి ర్యాంకుల కోసం. పిల్లలకు కావాల్సింది మార్కుల భయం లేని ప్రశ్నలు, తప్పు చెబితే అక్కడే సరిదిద్దే టీచరు. సిలబస్ పూర్తి కాదన్న ఉపాధ్యాయుల బాధా నిజమే. అందుకే పీరియడ్ మొదట్లో ఐదు నిమిషాలు చాలు. నిన్నటి పాఠం నుంచి రెండు ప్రశ్నలు, పోయిన వారం నుంచి ఒకటి.

ఇక నిద్ర. పగలు నేర్చుకున్నదాన్ని మెదడు నిద్రలోనే పదిలపరుచుకుంటుంది. 13-18 ఏళ్ల వారికి రోజుకు 8-10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ సూచిస్తోంది. రాత్రి పదిన్నర దాకా కూర్చోబెట్టి, తెల్లవారుజామున నాలుగున్నరకే లేపితే ఆరు గంటలే దక్కుతాయి. మిగతా రెండు గంటలూ చదువు కోసం తీశామనుకుంటాం. నిజానికి చదివిందే పోగొడుతున్నాం. విజయవాడ హాస్టల్లో వేసినా, ఊళ్లోనే చదివించినా లెక్క ఇదే.

ఇంట్లో మీరు చేయగలిగిందీ ఉంది. అన్నం తినేటప్పుడు ‘ఎన్ని మార్కులు వచ్చాయి?’ అని కాకుండా ‘ఇవాళ ఏం చెప్పారో నాకూ చెప్పు’ అనండి. మీకు ఆ పాఠం రాకపోయినా పర్లేదు. మీకు అర్థమయ్యేలా చెప్పాలన్న ప్రయత్నంలోనే వాళ్లకు అది నిలుస్తుంది.

ఈసారి అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. చెప్పిన పాఠాన్ని మళ్లీ ఎప్పుడెప్పుడు గుర్తు చేయిస్తారు? పిల్లల్ని రాత్రి ఎన్నింటికి పడుకోనిస్తారు? పదిమంది తల్లిదండ్రులు ఇవే అడిగితే బడి టైంటేబులే మారుతుంది.